ఈదయ్య బండి సప్పుడు

ఈదయ్య పికప్ బండి సప్పుడు చేస్తది. బండ్లన్నీ చేస్తయి, అదేం పెద్ద ముచ్చట అంటరేమో. కాదు, ఇది వేరే సప్పుడు. బ్రేకర్ ఎక్కంగనే "కిర్ర్" అంటది, దిగంగనే "టడక్" అంటది, అంతటితోటి ఊకోదు, ఏదో మర్చిపోయింది యాదికొచ్చినట్టు జరసేపాగి చిన్నగ "టక్" అంటది. ఇగ అశోక్ నగర్‌ల ఆ గల్లీ సంగతి తెలుసు కద, ప్రతి హాస్టలోళ్లు తమ గేటు ముందట తమకొక బ్రేకర్ పోయించుకున్నరు. తెల్లారగట్ల ఈదయ్య ఆ మొగ నుంచి ఈ మొగదాక బండి తోలిండంటె గల్లీ గల్లీ అంత పండ్లు కొరుక్కుంటది.

కొరుక్కోదా మరి. గల్లీ నిండ సర్కారు కొలువులకు చదివే పిల్లలాయె. రాత్రంత చదివి అప్పుడే కన్నంటుకునేటోళ్లు కొందరు, అప్పుడే లేచి ముఖం కడుక్కోని పుస్తకం తెరిచేటోళ్లు కొందరు. ఒకరితోటి ఒకరికి ఎన్నడూ పడనోళ్లు గూడ ఈదయ్య బండిని తిట్టే కాడ మాత్రం ఒక్కటైతరు.

ఈదయ్యది పాలమూరు దిక్కు. పెండ్లాం కురుమమ్మతోటి కలిసి ఈ పట్నంల గోడలు కట్టుకుంట వచ్చి, ఎవరెవరి ఇండ్లకో గోడలు లేపి, తాను అడిక్‌మెట్ దిక్కు బస్తీల ఒక అర్రల కిరాయికి నిలవడ్డడు. ఎన్నేండ్లకో ఒక పాత పికప్ కొన్నడు. పొద్దుగాల మార్కెట్‌ల కూరగాయలు, బియ్యం మూటలు ఎక్కిచ్చుకొచ్చి మాధురి మేడం హాస్టళ్లల్ల దించుతడు, ఖాళీ బండితోటి తిరిగి పోతడు. ఆ పనే ఆయనకు ఆధారం. అది పోతె బండి నడవది, బండి నడవకపోతె మల్ల తట్ట ఎత్తుడే. కురుమమ్మ ఇయ్యాల్టికీ తట్ట ఎత్తుతనే ఉన్నది. ఇద్దరూ ఎత్తే రోజులు మల్ల వస్తయేమోనని ఈదయ్యకు లోపల గుబులు.

ఆయనకు ఒక పట్టింపు ఉన్నది. అది ఇప్పుడే చెప్పకపోతె ముంగటి కథ అంత ఆగమైతది. బండిల డ్రైవర్ పక్కన ఉన్నది ఒక్క సీటు. ఆ సీట్ల కొలువు కొట్టినోడే కూసోవాలె. గల్లీల ఏ పిల్లగానికన్న ఉద్యోగం వస్తె వాని పెట్టె, పరుపు ఈదయ్యనే బండిల వేస్తడు, భుజం మీది తువ్వాలతోటి ముందటి సీటు తుడుస్తడు, "రండి సార్" అని కూసోవెట్టి బస్టాండుల దించొస్తడు. కిరాయి ముట్టడు. ఇగ చదివి చదివి యాష్టకొచ్చి ఇంటికి వాపసు పోయేటోళ్లు గూడ ఉంటరు. వాళ్లను గూడ ఊకెనే దించొస్తడు. కాని వాళ్లు ఎవరూ చెప్పకుంటనే ఎనుకకు ఎక్కి పెట్టె పక్కన కూసుంటరు. ఈ పట్టింపు ఎక్కడిదాక పోయిందంటె, కట్టుకున్న కురుమమ్మ గూడ ఎనుకనే కూసుంటది. "నాకేం కొలువొచ్చిందని ముందట కూసోవాలె" అని మూతి ముడుస్తది గాని, ఆమె గూడ ఆ సీటును ఎన్నడూ ముట్టలే.

మాధురి మేడం మనిషి మంచిదే, మాట కరుకు. ఒకనాడు బియ్యం మూటలు దించినంక ఈదయ్యను ఆపింది.

"ఈదయ్యా, నీ బండి గల్లీల అడుగు పెట్టిందంటె పిల్లలు చదువు బంద్ జేసి నిన్ను తిడుతున్నరు. తిట్టుడు అయిపోయినంక నాకు ఫోన్ చేస్తున్నరు. ఆదివారం దాక చూస్త. ఆదివారం పొద్దున నేనే గేటు కాడ నిలవడి వింట. సప్పుడొచ్చిందంటె సోమవారం సంది వేరే బండిని పెట్టుకుంట. మల్ల నన్ను అనొద్దు."

"అట్లనే మేడం" అన్నడు ఈదయ్య. ఇంకేమంటడు, పాపం.

అటునుంచి అటే నారాయణగూడల మాసయ్య షెడ్డుకు తోలిండు. మాసయ్య పేరున్న మెకానిక్. మనిషి గూడ మస్తు మనిషి. వేరే మెకానిక్‌లు బండి కిందికి దూరుతరు, మాసయ్య దూరాలంటె బండిని ఇంకింత లేపాలె. నిలవడితె దర్వాజ నిండుతది.

"సప్పుడు ఏడికెళ్లి వస్తున్నది?" అని అడిగిండు మాసయ్య.

"ఎనుక చక్రాల దిక్కు నుంచి అన్న."

"అయితె నేను ఎనుక కూసోని చెవి పెడ్త. నువ్వు తోలు."

అట్ల చూస్తె ముందట కూసుంటా అన్నా ఈదయ్య ఒప్పుకోడని మాసయ్యకు తెలుసు. ట్రాలీల ఎక్కి, సరిగ్గ చక్రం మీద చతికిలవడి, పక్క రేకుకు చెవి ఆనించిండు. బండి నారాయణగూడ నుంచి చిక్కడపల్లి దాక పోయింది, గుంతలు దిగింది, బ్రేకర్లు ఎక్కింది, మల్లొచ్చింది. కిర్ర్ లేదు, టడక్ లేదు. పెండ్లిచూపులల్ల పిల్ల లెక్క తలకాయ దించుకోని నడిచింది.

"ఏదిరా నీ సప్పుడు?" అని మాసయ్య దిగిండు.

ఈదయ్య బండి కిందికి ఒకసారి తొంగి చూసిండు. సరే అని బండి తీసి పది గజాలు పోయిండో లేదో, షెడ్డు ముందటి గుంతల పడి "కిర్ర్, టడక్... టక్." గబగబ రివర్స్ తీసుకోని వచ్చిండు. "ఇన్నవా అన్న, గిదే."

మాసయ్య గడ్డం గోక్కున్నడు. "ఇగో ఈదయ్య, జర దిమాక్ పెట్టి విను. నేను బండి మీద ఉన్నప్పుడు సప్పుడు రాలే. దిగి రోడ్డు మీద నిలవడితె వచ్చింది. అంటె సప్పుడు బండిది కాదు, రోడ్డుది."

"రోడ్డు కిర్ర్ అంటదా అన్న?"

"ఇప్పటి రోడ్లను నమ్మొస్తదా" అన్నడు మాసయ్య.

అయినా వచ్చిన బండిని ఊకె పంపుడు ఆయనకు చేతకాదు. ఒకనాడు షాకప్సర్లు మార్చిండు. ఇంకోనాడు రబ్బరు బుష్షులు మార్చిండు. ఇంకోనాడు బోల్టులన్ని బిగిచ్చిండు. ప్రతిసారి ఎనుక ఎక్కి కూసోని చూసిండు, ప్రతిసారి "ఫస్ట్ క్లాస్ అయింది, పో" అన్నడు. ప్రతిసారి ఈదయ్య ఒక్కడే పోతుంటె మొదటి బ్రేకర్ కాడనే కిర్ర్ అన్నది. ఆఖరికి మాసయ్యకు విసుగొచ్చి, "బండి మంచిగున్నది. నువ్వు చెవుల డాక్టర్‌కు చూపించుకో, నా షెడ్డుకు రాకు" అన్నడు.

రోగం ఒక దిక్కు, మందు ఒక దిక్కు అన్నట్టు, ఇంటికి పోతె కురుమమ్మ ఇది దిష్టి అన్నది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిచ్చింది. ఒక పాత చెప్పు తెచ్చి బండి ఎనుక బంపర్‌కు కట్టింది. తెల్లారి బండి కిర్ర్ అన్నది, టడక్ అన్నది, టక్ అన్నది, ఆ ఎనుక నుంచి చెప్పు గూడ టపటప కొట్టుకున్నది. ఈదయ్య తల పట్టుకున్నడు.

"నువ్వెందుకు గింత పరేషాన్ అయితున్నవో నాకైతె సమజ్ కాదు" అన్నది కురుమమ్మ. "నీ బండి సప్పుడు మొగ కాడ వినవడంగనే నేను చాయ పొయ్యి మీద పెడ్త. నువ్వు ఇంట్లకు వచ్చేసరికి చాయ తయారుంటది. సప్పుడు పోతె నువ్వెప్పుడొస్తవో నాకెట్ల తెలుస్తది?"

"మాధురి మేడం చాయ పెడ్తలేదు కదనే" అన్నడు ఈదయ్య. ఏడుపొక్కటే తక్కువ ఆయనకు.

ఆ ఏడుపు ముఖంతోటే తెల్లారి గల్లీల టీ కొట్టు కాడ నిలవడ్డడు. అక్కడ రాఘవేందర్ ఉన్నడు. ఉద్యోగాలకు చదివే పిల్లగాడే. వానికి లోకంల ఏదైనా ప్రశ్ననే, ఏ ప్రశ్నకైనా నాలుగు ఆప్షన్లే. చాయ తాగాల్నా కాఫీ తాగాల్నా అన్నదానికి గూడ నాలుగు ఆప్షన్లు పెట్టుకునే రకం. ఈదయ్య గోస అంత విని, పక్క జిరాక్స్ దుకాణంల ఒక కాయిదం తీసుకోని రాసిండు.

"అన్నా, జవాబు తెల్వాల్సిన పనే లేదు. తప్పులు కొట్టేస్తె మిగిలిందే జవాబు. మేమందరం గట్లనే పాసైతం. ఇగ చూడు. ఆప్షన్ ఏ, షాకప్సర్లు. బీ, కమాన్ కట్ట. సీ, బుష్షులు. డీ, పైవన్నీ."

కమాన్ కట్ట అంటె తెలుసు కద, ఎనుక చక్రాల మీద బండి బరువంత మోసేది, ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి బిగిచ్చిన కట్ట.

"షాకప్సర్లు మార్చినవ్, సప్పుడు పోలేదు. ఏ కొట్టెయ్. బుష్షులు మార్చినవ్, పోలేదు. సీ కొట్టెయ్. ఏ, సీ కానప్పుడు పైవన్నీ ఎట్లైతది? డీ కొట్టెయ్. ఏం మిగిలింది? బీ. కమాన్ కట్ట. కీ విడుదల జేస్తున్న."

నిజం చెప్పాలంటె వాడు అన్నది ముమ్మాటికీ నిజం. పాడు కాను, అక్కడితోటి ఆగితె కథ ఆడనే ఒడిసిపోవు. కాని అశోక్ నగర్‌ల కీ విడుదలైతె ఊకుంటరా? అభ్యంతరాలు రాకపోతె ఆ కీకి ఇజ్జత్ ఏముంటది? చాయ తాగే నలుగురు గ్లాసులు కింద పెట్టిన్రు. ఆప్షన్లల్ల టైరు ఎందుకు లేదని ఒకడు. ప్రశ్న సిలబస్‌ల లేదని ఇంకొకడు. అందరికంటె తెలివైనోడు ఒకడు లేచి, "సప్పుడు ఎక్కడి నుంచి వస్తున్నది అని అడుగుతున్నరు. అసలు వస్తున్నదని ముందుగాల రుజువు కావాలె కద" అన్నడు. కోడిగుడ్డు మీద ఈకలు పీకుడంటె గిదే.

సరే, రుజువు చేద్దాం అనుకున్నరు. అందరూ బండెక్కిన్రు. ముందట సీటు ఖాళీగనే ఉన్నది, ఎవరూ ఆ దిక్కు చూడలే. ఎనుక ట్రాలీల తొక్కిసలాట. అందరికంటె ఎనుక తరుణ్ ఎక్కిండు.

తరుణ్ గల్లీల పాత మనిషి. ఆయన ఎనుక వచ్చినోళ్లు కొలువులు కొట్టి, పెండ్లిళ్లు చేసుకోని, పిల్లలను బడికేసిన్రు. తరుణ్ ప్రతిసారి గుమ్మం దాక పోయి వాపసు వస్తడు. ఏండ్లకేండ్లు హాస్టల్ అన్నం తిని, కుర్చీల కదలకుంట కూసోని మనిషి బాగ దిట్టమైండు. ఎక్కువ మాట్లాడడు. ఎక్కి సరిగ్గ చక్రం మీద కూసున్నడు.

బండి గల్లీలన్నీ తిరిగింది. కిర్ర్ లేదు, టడక్ లేదు. ఇంకా జాగ్రత్తగ వినాలని ఇంకో నలుగురిని పిలిచి ఎక్కిచ్చుకున్నరు. మల్ల తిరిగింది. మంది ఎక్కువైన కొద్ది బండి ఇంకింత మెత్తగ నడిచింది. దిగినంక రాఘవేందర్ కాయిదం మడత పెట్టిండు.

"అన్నా, ప్రశ్ననే తప్పు. ప్రశ్న తొలగిస్తున్నం. అందరికీ మార్కు కలుపుతం."

"నాకు మార్కు ఎందుకు సారు" అన్నడు ఈదయ్య. "నాకు మాధురి మేడం కావాలె."

ఇగ ఆదివారం రానే వచ్చింది. ఈదయ్య రాత్రి సరిగ నిద్రపోలే. ఊరి దిక్కు తిరిగి కురుమూర్తి స్వామికి దండం పెట్టుకున్నడు, బండి సప్పుడు చేయకుంట చూడు తండ్రీ, జాతరకొచ్చి కొబ్బరికాయ కొడ్త అన్నడు. మార్కెట్ నుంచి సామాను తెచ్చిండు. సామానుతోటి వచ్చేటప్పుడు బండి సప్పుడు చేయలే గాని, ఆ గుబులుల ఈదయ్య అది గమనించలే. మూటలు దించిండు. మాధురి మేడం గేటు కాడ చేతులు కట్టుకోని నిలవడ్డది. గల్లీల కిటికీలన్ని తెరుచుకున్నయి.

పిల్లలకు ఈదయ్య మీద జాలి కలిగింది. సాక్షులం మేముంటం అని అందరూ ట్రాలీలకు ఎక్కిన్రు. ఈదయ్య దేవున్ని తలుచుకోని బండి తీసిండు. మొదటి బ్రేకర్ ఎక్కింది, దిగింది. నిశ్శబ్దం. రెండో బ్రేకర్. నిశ్శబ్దం. మేడం ముఖం జర మెత్తబడ్డది. ఈదయ్యకు పానం లేచొచ్చింది.

అప్పుడు టీ కొట్టు కాడ కొందరు దుంకిన్రు, పనైపోయింది కద అని. బండి ముంగటికి కదిలింది. "కిర్ర్" అని సన్నగ అన్నది. ఇంకో ఇద్దరు దిగిన్రు. "కిర్ర్, టడక్." చివరికి, మంది తొక్కిసలాటల క్యాబిన్ దిక్కు జరిగి నిలవడ్డ తరుణ్ గూడ చెప్పు జారిందని దిగిండు. బండి ఊకున్న ఊకుడుకంత బదులు తీర్చుకున్నట్టు, కిర్ర్, టడక్, టక్ అని గల్లీ అదిరేటట్టు మొత్తుకున్నది.

ముందుగాల తేరుకున్నది మాధురి మేడమే.

"తరుణ్, ఎక్కు" అన్నది.

తరుణ్ ఎక్కిండు. ఎప్పటి లెక్కనే చక్రం మీద కూసున్నడు. మేడం బండి తోలిచ్చింది. సప్పుడు లేదు.

"దిగు." దిగిండు. కిర్ర్, టడక్, టక్.

"ఎక్కు." లేదు. "దిగు." కిర్ర్.

పాపం తరుణ్ గుంజీలు తీసినట్టు ఎక్కుడు దిగుడు, ఎక్కుడు దిగుడు, చెమటలు పట్టినయి. కిటికీలల్ల పిల్లలు నవ్వుడు మొదలువెట్టిన్రు. ఈదయ్య మాత్రం నవ్వలే. ముందటి సీటు దిక్కు చూసిండు. సప్పుడు వినేటందుకు ఒక్కనాడు ఒక్కల్ని ఆ సీట్ల కూసోవెట్టుకున్నా ఈ సంగతి బయటవడు కదా అని ఆయనకు అప్పుడు సమజైంది. అందరిని తీసుకపోయి చక్రాల మీద కూసోవెట్టి, సప్పుడు వినవడ్తున్నదా అని అడిగిండాయె.

మాసయ్యను ఫోన్ చేసి పిలిపిచ్చిన్రు. వచ్చి బండి కింద టార్చి వేసి చూసి, "నాకు మొదటి సందే అనుమానం" అన్నడు. ఎద్దు ఈనిందంటె దూడను కట్టెయ్యమనే మనిషి, ఇప్పుడు మొదటి సంది అనుమానమట.

ముచ్చట ఏందంటె, ఈ బండిని ఈదయ్య కంటె ముంగట నడిపినోడు ఎవడో ఎక్కువ బరువు ఎక్కిచ్చుకునేటందుకు కమాన్ కట్టల పట్టీలు ఎక్కువ కొట్టించిండు. బరువు పడితె పట్టీలన్ని ఒకదాన్నొకటి అదుముకోని ఊకుంటయి. ఖాళీ అయితె ఎడమై కొట్టుకుంటయి.

"ఆ ఎక్కువ పట్టీలు తీసెయ్ అన్న" అన్నడు ఈదయ్య.

"తీస్త. సప్పుడు పోతది. తెల్లారి నువ్వు బియ్యం మూటలు ఎక్కిచ్చినవనుకో, బండి ఎనుక భాగం నేలకు రాసుకుంటది. కొత్త కట్ట ఏద్దామంటె ఈ మోడల్‌కు ఇప్పుడు ఏడ గూడ దొరుకుతలేదు."

అంటె పట్టీలు తీస్తె పని పోతది, తీయకపోతె మేడం పోతది. ముందు చూస్తె నుయ్యి, ఎనుక చూస్తె గొయ్యి. ఈదయ్య మేడం దిక్కు చూసిండు, మేడం బండి దిక్కు చూసింది.

"అయితె నా గల్లీల ఖాళీ బండి నడవొద్దు. గంతే. బరువు ఏం పెట్టుకుంటవో నీ ఇష్టం" అన్నది.

"మేమున్నం కద మేడం" అన్నడు రాఘవేందర్. "ఎట్లైనా పొద్దుగాల చిక్కడపల్లి లైబ్రరీకి ఉరుకుతం. తెల్లారగట్ల పోయి లైన్ల నిలవడకపోతె కుర్చీ దొరకది. అన్న మమ్ములను ఆడ దించితె మాకు కుర్చీ, అన్నకు బరువు."

అట్ల మొదలైంది. సామాను దిగంగనే పిల్లలు ఎక్కుతరు. బండి సప్పుడు చేయకుంట గల్లీ దాటుతది. ట్రాలీల కూసోని ఒకడు రాజ్యాంగం చదువుతడు, ఒకడు నదుల పేర్లు వల్లె వేస్తడు. ఒకనాడు చౌరస్తా కాడ ఒక కానిస్టేబుల్ ఆపి, "సామాను బండిల మనుషులను ఎక్కిస్తవా" అని గద్దించిండు.

"మనుషులు కాదు సార్, బరువు" అన్నడు ఈదయ్య, భయం మీద.

పిల్లలల్ల ఒకనికి కోపమొచ్చింది. "ఏందన్నా, మేం డిగ్రీలు జేసినం."

"ఊకో" అన్నడు తరుణ్. "ఇప్పటికైతె బరువే."

కానిస్టేబుల్ వాళ్ల చేతులల్ల పుస్తకాలు చూసి, అవి ఏ ఎడిషన్లని అడిగి, ఒకదాని పేరు రాసుకోని పోనిచ్చిండు.

కొన్నాళ్లకు ఇంకో ముచ్చట బయటవడ్డది. పిల్లగానికి ఒకనికి ఉద్యోగం వచ్చి, ముందటి సీట్ల కూసోని పోయిండు. తెల్లారి వాని జాగల మిగిలినోళ్లు అటిటు సర్దుకోని కూసుంటె, చక్రం మీద బరువు తగ్గి బండి కిర్ర్ అన్నది. మాధురి మేడం గేటు కాడికి ఉరికొచ్చింది. ఈదయ్య చేతులు జోడించి, "మేడం, నిన్న ఒక సారు కొలువుల చేరిండు, గందుకే" అన్నడు. మేడం కోపం ఆడనే పోయింది. అటెనుక ఎప్పుడు సప్పుడు వినవడ్డా కిటికీలు తెరుచుకుంటయి. "ఎవరికొచ్చిందన్నా?" అని పైనుంచి అడుగుతరు. ఈదయ్య పేరు చెప్తడు. కొత్త పిల్లగాడు వచ్చి ఎక్కంగనే బండి మల్ల ఊకుంటది. రాఘవేందర్ గూడ అట్లనే పోయిండు, సీట్ల కూసోని గూడ బస్టాండుకు ఏ దారి దగ్గర అని నాలుగు ఆప్షన్లు చెప్పుకుంట.

ఇంటికి వాపసు పోయినోళ్ల బరువు గూడ తగ్గుతది కద. ఆ తెల్లారి ఈదయ్య బ్రేకర్ల మీద బండిని చీమ నడిచినట్టు నడిపిస్తడు. సప్పుడు వస్తె ఎవరన్న అడుగుతరని, ఏం చెప్పాల్నో తెల్వదని.

ఈ లోపల పెద్ద పరీక్ష ఒకటి అయిపోయింది. పరీక్ష అయినంక చానమంది ఊర్లకు పోయిన్రు. బండిల పలుచగ నలుగురు మిగిలిన్రు, వాళ్ల నడుమ తరుణ్. నిజానికి ఆయన ఒక్కడే చక్రం మీద కూసోని సప్పుడును ఆపుతున్నడు. ఒకనాడు సాయంత్రం ఫలితాలు వచ్చినయని టీ కొట్టు కాడ లొల్లి లేచింది. ఈదయ్య తరుణ్ గురించి అడుగుదామనుకున్నడు గాని, అడగకుంటనే ఇంటికి తోలిండు.

తెల్లారి సామాను దించినంక చూస్తె తరుణ్ లేడు. మిగిలినోళ్లు ఎక్కిన్రు. "తరుణ్ సారేడి?" అంటె, "రాత్రి సంది కనవడలే, ఫోన్ బంద్ ఉన్నది" అన్నరు. జరసేపు చూసి ఈదయ్య బండి తీసిండు.

కిర్ర్. టడక్. టక్.

కిటికీలన్ని ఒక్కసారి తెరుచుకున్నయి. మాధురి మేడం చెంగు సరిచేసుకుంట గేటు కాడికొచ్చింది. ఈదయ్య ఆమె అడగకముందే బండి ఆపిండు.

"తరుణ్‌కు వచ్చిందా ఈదయ్యా?" అన్నది. ఆమె గొంతుల అంత ఆశ ఈదయ్య ఎన్నడూ వినలే.

"వచ్చినట్టే ఉన్నది మేడం" అన్నడు ఈదయ్య. ఆయన కండ్లు నిండినయి. పైనుంచి ఎవడో ఈల వేసిండు. టీ కొట్టాయన అందరికీ చాయ పోసుడు మొదలువెట్టిండు.

అప్పుడు హాస్టల్ పక్క సందుల నుంచి తరుణ్ వచ్చిండు. తలకు తువ్వాల, భుజానికి సంచి, చేతుల నీళ్ల సీస. "లేటైందన్నా, నల్లా కాడ లైన్ ఉండె" అన్నడు. ఆయన కిటికీల దిక్కు చూసిండు, మేడం దిక్కు చూసిండు, చాయ గ్లాసుల దిక్కు చూసిండు. ఏం జరిగిందో ఎరుకైంది.

"నాకు రాలే" అన్నడు. "ఈసారి గూడ గుమ్మం కాన్నే ఆగింది."

పోయి టైరు మీద కాలు పెట్టిండు. లోపలున్న పిల్లలు చక్రం మీది జాగ ఖాళీ చేసిన్రు. తరుణ్ ఎక్కితె బండి ఊకుంటది, గల్లీ నిమ్మలమైతది, మేడంకు ఏ కిరికిరి ఉండది. ఈదయ్యకు అంతకంటె ఏం గావాలె. కాని ఇయ్యాల ఆ నిమ్మలం ఆయనకు వద్దనిపించింది. కిందికి దిగి, ముందటి డోరు తెరిచి, భుజం మీది తువ్వాలతోటి సీటు తుడిచిండు.

"తరుణ్ సార్, ఈడ కూసోండి."

"నాకు రాలేదంటున్న కద అన్నా."

"ఎనుక ఎక్కితె సప్పుడు పోతది సార్" అన్నడు ఈదయ్య. "నాకు ఇయ్యాల సప్పుడు గావాలె."

తరుణ్ చానసేపు టైరు మీది కాలు తీయలే. తర్వాత తీసిండు. వచ్చి ముందట కూసున్నడు. సంచి ఒళ్లె పెట్టుకున్నడు. ఈదయ్య డోరు వేసి మాధురి మేడం దిక్కు చూసిండు. వేరే బండి పెట్టుకుంట అన్న మాట ఆమె ఎన్నడూ వాపసు తీసుకోలేదని ఆయనకు యాదికున్నది. మేడం కొంగుతోటి ముక్కు తుడుచుకున్నది.

"రేపు టమాటలు జర ఎక్కువ తీస్కరా, ఈదయ్యా" అన్నది.

బండి కదిలింది. ఆ గల్లీల ఉన్న ప్రతి బ్రేకర్ మీద ఈదయ్య బండిని మెత్తగ కాదు, కావాలనే గట్టిగ ఎక్కిచ్చిండు. కిర్ర్, టడక్, టక్. కిటికీలల్ల ఎవరూ తిట్టలే, ఎవరికొచ్చిందని ఎవరూ అడగలే. అశోక్ నగర్ దాటి చిక్కడపల్లి దాక బండి అట్లనే మొత్తుకుంట పోయింది. లైబ్రరీ గేటు కాడ లైన్ల నిలవడ్డోళ్లు సప్పుడు విని మెడలు తిప్పిన్రు. ముందటి సీట్ల నుంచి దిగిన మనిషిని చూసి పక్కకు జరిగి తొవ్వ ఇచ్చిన్రు. కొలువు వచ్చినోడు మల్ల లైబ్రరీకెందుకు వచ్చిండని ఒక్కరు గూడ అడగలే. తరుణ్ అందరికంటె ముందు లోపలికి పోయి, కిటికీ పక్క కుర్చీ పట్టిండు.